కారణం చెప్పని తీర్పు

ఒక పరిశోధన వ్యాసం అచ్చుకు తగినదా కాదా అని ఎవరు తేల్చాలి? విశ్వవిద్యాలయ లోకంలో దీనికి ఒకే సమాధానం వినిపిస్తుంది: పీర్ రివ్యూ. అంటే ఆ రంగంలోని ఇద్దరు ముగ్గురు నిపుణులు, తమ పేరు బయటపెట్టకుండా వ్యాసాన్ని చదివి, పనికొస్తుందనో రాదనో సంపాదకుడికి రాసి పంపటం. ఇది అనాదిగా వస్తున్న ధర్మమేమీ కాదు. ‘నేచర్’ వంటి పత్రిక కూడా 1973లో గాని ఈ పద్ధతిని నియమంగా పెట్టుకోలేదు.

ఇందులోని మంచిని కాదనలేం. తప్పుడు లెక్కలూ ఆధారం లేని మాటలూ కొన్నయినా అక్కడ ఆగుతాయి. చిక్కల్లా తీర్పు మిగిలి, కారణం మాయమవటంలో ఉంది. పరిశీలకుడు వ్యాసంలో లోపం చూసి కాదన్నాడో, పాత అభిప్రాయానికి కాపలా కాస్తూ కాదన్నాడో పాఠకుడికి తెలిసే దారి లేదు.

దీన్ని అర్థం చేసుకోవటానికి మన భాషోద్యమ చరిత్రే ఉపకరిస్తుంది. విద్యార్థుల వ్యాసరచన ఏ భాషలో ఉండాలన్న ప్రశ్నపై మద్రాసు విశ్వవిద్యాలయం ఉపసంఘం వేసింది. జయంతి రామయ్య పంతులు వంటి పండితులు గ్రాంథికం పక్షాన నిలిచారు. సంఖ్యాబలం వారిదే అయింది. విషయం అక్కడితో ముగిసిపోవలసిందే. కాని సభ్యుడైన గురజాడ అప్పారావు 1914లో అసమ్మతి పత్రం రాసి, తన కారణాలన్నీ లోకం ముందు పెట్టారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. గిడుగు రామమూర్తి ఆ వాదాన్ని వదలలేదు. గ్రాంథికవాదుల రచనల్లోనే వ్యాకరణ దోషాలు ఏరి చూపారు. 1925లో తణుకు పరిషత్తు సభలో గంటల తరబడి ప్రయోగాలు ఉదాహరిస్తూ వాదించారు. ఆనాడు నెగ్గింది సంఖ్య. కాని నేడు సిద్ధాంత వ్యాసాలు వస్తున్నది ఆనాడు కాదన్న భాషలోనే.

నేటి ప్రత్యామ్నాయాలు కోరుతున్నదీ ఈ బహిరంగతనే. 1991లో మొదలైన ‘ఆర్కైవ్’ భాండాగారంలో శాస్త్రజ్ఞులు ముందు వ్యాసాన్ని ప్రకటిస్తారు; పరీక్ష తర్వాత జరుగుతుంది. పెరెల్మాన్ పాంకరే ప్రతిపాదనకు నిరూపణను 2002, 2003లలో అక్కడే పెట్టాడు, ఏ పత్రికకూ పంపలేదు. ప్రపంచ గణితజ్ఞులు ఏళ్ల తరబడి పంక్తి పంక్తీ పరీక్షించి ఒప్పుకున్నారు. ‘ఈలైఫ్’ పత్రిక 2023లో ఆమోద తిరస్కారాల తీర్పు మానేసి, వ్యాసం పక్కనే పరిశీలకుల అభిప్రాయాలనూ ప్రకటించటం మొదలుపెట్టింది.

మన అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకూ ఇది దూరపు గొడవ కాదు. యూజీసీ తన ‘కేర్’ పత్రికల జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేసి, పత్రికల మంచిచెడ్డలు తేల్చుకోవటం విద్యాసంస్థలకే వదిలింది. డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికలూ ‘పీర్ రివ్యూ’ ముద్ర తగిలించుకుంటూనే ఉన్నాయి. ముద్ర ఉన్నంత మాత్రాన పరిశీలన జరిగిందనుకోవటం అమాయకత్వం.

బహిరంగ పరిశీలనలో ప్రమాదం లేదా? ఉంది. ముదిగుబ్బ లాంటి చోట బడిపంతులుగా ఉంటూ పరిశోధన చేసేవాడు, రేపు తన సిద్ధాంత వ్యాసానికి పరీక్షకుడు కాగల ఆచార్యుణ్ణి పేరు పెట్టి విమర్శించగలడా? కులమూ హోదా ఉన్న సమాజంలో నిర్భయంగా సంతకం చేయగలిగేది బలవంతుడే. అందుచేత బలహీనుడికి పేరు దాచుకునే హక్కు ఉండాలి. దాచకూడనిది విమర్శలోని కారణం.

మన సాహిత్య పత్రికలు ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. వ్యాసంతోపాటు దానిపై వచ్చిన ఆక్షేపణనూ రచయిత సమాధానాన్నీ అదే సంచికలో వేయాలి. తిప్పి పంపిన ప్రతి వ్యాసానికీ కారణం రాసి పంపాలి. అప్పుడు తూకం వేసే పని పాఠకుడి చేతికి వస్తుంది.