పదిహేను నెలలు ఆగిన బాప్తిస్మాలు

ఒంగోలు పేరు చెప్పగానే మన సంఘ పెద్దలకు గుర్తొచ్చే అంకె 2,222. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే అంతమంది బాప్తిస్మం పొందారు. ఉజ్జీవ కూటాల్లో ఈ సంగతి నేనూ ఎన్నోసార్లు చెప్పాను. దానికి ముందు గడిచిన పదిహేను నెలల గురించి మాత్రం చెప్పింది తక్కువ. ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ నెలల గురించే రాస్తున్నాను.

1876లో మొదలైన కరువు 1878 దాకా దక్షిణ దేశాన్ని పీడించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు సర్వే పని చేసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇచ్చాడు. మన తెలుగు సువార్తికులే అక్కడ మేస్త్రీలు. పని మధ్యలో కాస్త తెరిపి దొరికితే కూలీలతో కూర్చుని క్రీస్తును గురించి చెప్పేవారు. జనం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కరువు సహాయం నడిచినంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఒక్కరినీ సంఘంలో చేర్చుకోలేదు. కూలి ఇచ్చే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు మనిషి దేనికోసం వచ్చాడో తేల్చడం కష్టం. వచ్చినవాడికే తెలియకపోవచ్చు.

సహాయం ఆగిపోయింది. ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పినా జనం కదల్లేదు. తమకు డబ్బు అక్కరలేదని, కష్టపడి బతుకుతామని, చస్తే క్రైస్తవులుగానే చస్తామని అన్నారట. అప్పుడు కూడా అందరినీ ఒకేసారి నీళ్లలోకి దింపలేదు. ఏ ఊరివారిని ఆ ఊరు తెలిసిన సువార్తికుడు విచారించాడు. ఆ తరువాతే 2,222 అనే అంకె వచ్చింది.

విచారణలో ఏం చూసేవారు? ఆ సంఘాల్లో మొదటినుంచి పట్టుబట్టిన సంగతులు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. మనకివి చిన్నవిగా కనబడతాయి. వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగ సహోదరులు. ఊరి జాతరకు డప్పు కొట్టడం వారి మీద మోపిన వంతు. ఆ సేవలన్నిటికీ పంట కళ్లంలో కొలిచే మేరే వారి తిండి. కొట్టనంటే ఆ గింజలు పోతాయి. ఆదివారం రానంటే కామందుకు కోపం. ఒప్పుకోలు నోటితో చేసినా, దాని వెల ఇంట్లో కుండ చెల్లించేది.

ఇది క్లౌ కనిపెట్టిన పద్ధతి కాదు. లూకా సువార్త మూడవ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు జనం వచ్చి, మేమేం చేయాలని అడిగారు. ఆయన ఉపవాసాల గురించీ ప్రార్థనల గురించీ చెప్పలేదు, చూడండి. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివాడికిమ్మన్నాడు. సుంకరులతో, నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి గుంజుకోక జీతంతో తృప్తి పడమన్నాడు. ఎవరి చెయ్యి ఎక్కడ తప్పుతుందో అక్కడే అడిగాడు.

నేను అలా అడగలేదు. పదేళ్ల క్రితం ఒక యువకుడు పెళ్లికి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలని వచ్చాడు. పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది. రెండు సాయంకాలాలు కూర్చోబెట్టి వాక్యాలు వల్లె వేయించి బాప్తిస్మం ఇచ్చేశాను. కట్నం ఎంతని అడగలేదు. అడిగితే పెద్ద కుటుంబం నొచ్చుకుంటుందని నాకు తెలుసు. ఆ ఏటి నివేదికలో అతణ్ణీ లెక్కలో కలిపి రాశాను. రెండేళ్లు తిరక్కుండానే ఇంకా కట్నం తెమ్మని ఆ అమ్మాయిని పుట్టింటికి పంపారు. ఆమె తండ్రి నా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, మీరే కదా బాప్తిస్మం ఇచ్చింది" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

అప్పటినుంచి మా సంఘంలో బాప్తిస్మానికి పేరిచ్చినవారిని ఆరు వారాలు కూర్చోబెడుతున్నాను. వాక్యం నేర్పాక మూడు ప్రశ్నలు అడుగుతాను: ఎవరికైనా ఇవ్వవలసింది ఉందా? ఎవరితోనైనా మాటలు లేవా? కట్నం తీసుకున్నారా, తీసుకోబోతున్నారా? అందరూ ఒప్పుకోలేదు. ఒక పెద్ద ముఖం మీదే అన్నారు, "అయ్యగారూ, ఇలా అడిగితే పక్క సంఘానికి పోతారు." నిజమే, ఇద్దరు పోయారు. మనసు పరీక్షించేది దేవుడే, మనమెవరం అని ఇంకొకరన్నారు. అదీ నిజమే. నేను హృదయాన్ని చూడలేను. పొలం గట్టు ఎటు జరిగిందో మాత్రం ఎవరైనా చూడగలరు.

పోయిన నెల తరగతిలో యాభై దాటిన ఒక రైతు మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోయారు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనిషి, కానుక ఏ వారమూ తప్పని మనిషి. తమ్ముడి పాలులో కొంత తన గట్టులో కలిసిందని మెల్లగా చెప్పారు. కొంచెం సమయం కావాలన్నారు.

వచ్చే నెల బాప్తిస్మాలకు ఇప్పటికి నలుగురి పేర్లే రాశాం. ఆయన పేరు అందులో లేదు. సర్వేయరు వచ్చి కొలిచాడట గానీ, తమ్ముడు ఇంకా సంతకం పెట్టలేదని మొన్న గుడి దగ్గర కనబడి చెప్పారు.