గళ్ళ కాగితం మీద ఆసుపత్రి దారి



చక్రాల కుర్చీలో ఉన్న రోగిని పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళాలి. బోర్డులేమో మనకు రాని లిపిలో ఉన్నాయి. ఇలాంటిచోట కంప్యూటరు దారి చెప్పగలదు. ఎలాగో చూద్దాం.

ఇంజనీర్లు గోడలు, తలుపులు, మెట్లు వేరువేరు వస్తువులుగా భవనం నమూనాను కంప్యూటరులో తయారుచేస్తారు. వీటిని ఇచ్చిపుచ్చుకోవడానికి ఐ.ఎఫ్.సి. అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దారి వెతకాలంటే ఒక్కో అంతస్తునూ పిల్లల లెక్కల పుస్తకంలాగా గళ్ళుగా విడగొడతారు. గోడ తగిలిన గడి మూత, తలుపున్న గడి తెరుపు. తరువాత 1968లో హార్ట్, నిల్సన్, రాఫెల్ ప్రకటించిన 'ఎ-స్టార్' పద్ధతి పని మొదలుపెడుతుంది. నడిచిన దూరానికి, మిగిలిన దూరం అంచనాను కలిపి, ఆ మొత్తం తక్కువైన గడిని ముందుగా చూస్తుంది.

కిటుకంతా గడి కొలతలోనే ఉంది. 40 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు గల అంతస్తులో మీటరు గళ్ళు 1,200. కానీ గోడ తగిలిన ప్రతి గడినీ మూసేస్తే 90 సెంటీమీటర్ల తలుపు మాయమవుతుంది. గదికి దారే ఉండదు! 10 సెంటీమీటర్ల గళ్ళలో తలుపు నిలుస్తుంది గాని, లెక్క 1,20,000 గళ్ళకు పెరుగుతుంది.

చక్రాల కుర్చీకైతే మెట్ల గళ్ళు మూసి, లిఫ్టు ద్వారా అంతస్తులను కలపాలి. కుర్చీ వెడల్పులో సగం మేర గోడల పక్క గళ్ళను కూడా మూయాలి. లేకపోతే కంప్యూటరు చూపిన దగ్గరి దారి రోగిని మెట్ల ముందు నిలబెడుతుంది. కనుక గళ్ళు గీసే ముందే, వెళ్ళేది ఎవరని అడగాలి.