కణానికి నీటి తూము

మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చదివే సైన్సును ఇంట్లో తెలుగులో చెప్పుకోవాలని మా సంఘం కోరిక. ఈసారి ఆక్వాపోరిన్ల గురించి.

చెరువుకు తూము ఎలాగో కణానికి ఈ ప్రొటీన్ అలాగ. కణం పైపొర కొవ్వుతో అయినది; దానిగుండా నీరు నెమ్మదిగానే పోతుంది. ఈ తూములోంచి అయితే సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు వరుసగా దాటుతాయి. దీని పనిని 1992లో నిరూపించిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది.

ఇది చాలా పాత ఏర్పాటు. మన పేగుల్లోని ఈ.కోలై బాక్టీరియాలోనూ ఈ కుటుంబానివి రెండున్నాయి: ఒకటి నీటికి, మరొకటి గ్లిసరాల్‌కు. ఈ ప్రొటీన్ రెండు సగాలూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఎప్పుడో ఒక చిన్న జన్యువుకు నకలు ఏర్పడి, రెండూ అతుక్కుని ఇది పుట్టిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. తర్వాత నకళ్లకు నకళ్లు వచ్చాయి. మేము ఆఫీసులో నకలులో తేడా వస్తే దిద్దేవాళ్లం. ఇక్కడ ఆ తేడాలే కొత్త పనులకు దారితీశాయి. మనిషిలో ఇవి 13 రకాలు. నీళ్ల కోసం కదలలేని వరి మొక్కలో 30కి పైనే.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తానికే ఇస్తాయి. చివర్లో నీటిని పట్టి ఉంచేది రెండో నంబరు తూము. అది చెడితే మిగతావి ఆ లోటు పూడ్చలేవు. అందుకే షుగరు లేకున్నా అతిదాహం, అతిమూత్రం ఉంటే నీళ్లు తాగడం మానకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.