రైలు లేని ఊళ్ళో బొమ్మ ఇటుకల రైలు



మూడేళ్ళ క్రితం మా ఏడో తరగతి పిల్లలకు సైన్సులో ఒక చిన్న పరీక్ష పెట్టాను. "రైలుబండి మలుపు ఎలా తిరుగుతుంది?" అన్నది అందులో ఒక ప్రశ్న. ముప్ఫై ఒక్క మందిలో పంతొమ్మిది మంది "డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు" అని రాశారు. ఎర్ర పెన్నుతో కొట్టేయబోయి ఆగిపోయాను. వీళ్ళలో రైలు చూసినవాళ్ళు ఎందరని మర్నాడు అడిగితే నాలుగు చేతులే లేచాయి. ఆ నాలుగింటిలో ఒకడు చూసింది సినిమాలోనట.

తప్పు పిల్లలది కాదు. మాది సిరొంచ. ఒకవైపు ప్రాణహిత, మరోవైపు గోదావరి. నది దాటితే కాళేశ్వరం. గడ్చిరోలి జిల్లాకు ఇది దక్షిణపు కొస. జిల్లాలో రైలు చూడాలంటే ఉత్తరపు కొసన వున్న వడసాకు పోవాలి. మాకు దానికంటే చెన్నూరు మీదుగా మంచిర్యాలే దగ్గర. ప్రాణహిత మీద వంతెన పడకముందు ఆ ప్రయాణం కూడా పడవ ఎక్కితేనే మొదలయ్యేది.

మా ఊరికీ రైలుకూ వున్న పాత తగాదా ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. 1860 ప్రాంతాల్లో సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ రోజుల్లో కాటన్ దొర, గోదావరిని పడవల దారిగా మార్చి మధ్యపరగణాల పత్తిని సముద్రం దాకా దించాలని సంకల్పించాడు. పని సాగుతూ వుండగానే 1867లో బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చింది. 1871లో నది పని ఆపేశారు. పత్తి రైలెక్కింది, పడవల దారి పోయింది, రైలు మాత్రం మా దాకా రాలేదు. 1929లో కాజీపేట–బల్హార్షా లైను పూర్తయి, అదే ఏడు గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు కూడా పట్టాలు మంచిర్యాల మీదుగానే పోయాయి.

ఆ పరీక్ష అయిన నెలలోనే నాగపూరులో వుంటున్న మా మేనల్లుడు ఇంజనీరింగులో చేరాడు. చిన్ననాటి ఆట సామాను రెండు గోనెసంచుల్లో కట్టి నాకు పంపాడు. విప్పి చూస్తే అన్నీ బొమ్మ ఇటుకలు. ఒకదాని నెత్తిన మరొకటి నొక్కితే టక్కున అతుక్కునే ప్లాస్టిక్ ముక్కలు. వాటి అడుగున ఒక రైలింజను, కొన్ని పట్టాలు, ఒక మోటారు.

ఈ ఇటుక సంగతి కొంచెం చెప్పాలి. డెన్మార్కులో బిల్లుండ్ అనే పల్లెటూళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే లెగో కంపెనీ. ఆ భాషలో "చక్కగా ఆడుకో" అనే రెండు మాటల్ని కుదిస్తే ఆ పేరు వచ్చింది. ప్లాస్టిక్ ఇటుక వాళ్ళ సొంత ఆలోచన కాదు, ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అంతకుముందే అలాంటిది చేశాడు. అయితే ఆ ఇటుకలు పేర్చినంతసేపు నిలిచేవి, కదిపితే ఊడేవి. 1958లో డెన్మార్కువాళ్ళు ఇటుక లోపల బోలు గొట్టాలు పెట్టారు. కింది ఇటుక మీది బుడిపె, పై ఇటుక గోడకూ గొట్టానికీ నడుమ ఇరుక్కుంటుంది. గమ్ము లేదు, మేకు లేదు, ఒరిపిడి ఒక్కటే పట్టుకునేది. పిల్లవాడి చేతికి ఊడి రావాలి, దానంతట అది ఊడకూడదు. ఇందుకోసం అచ్చుల్లో మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రానివ్వరు. అందుకే 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుక మీద కూర్చుంటుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు చేతికిస్తే వాటిని తొంభై ఒక్క కోట్ల పైచిలుకు విధాలుగా కలపవచ్చునని లెక్క కట్టారు.

ఈ ఇటుకల్లో రైళ్ళు వచ్చింది 1966లో. మొదట పెట్టెలో బ్యాటరీలు పెట్టుకుని నడిచేవి. 1991లో వచ్చిన తొమ్మిది వోల్టుల రకంలో పట్టాలకే లోహపు రేకు తొడిగి, కరెంటును పట్టాల గుండా పంపారు. 2006 నుంచి మళ్ళీ బ్యాటరీలకు, రిమోటుకు వచ్చారు. 2018 నుంచి సెల్‌ఫోనుతో కూడా నడుపుకోవచ్చు. మా గోనెసంచిలో దొరికింది తొమ్మిది వోల్టుల రకం. మా తాలూకాలో కరెంటు ఎలా వుంటుందో శ్రోతలకు చెప్పనక్కర్లేదు. బండి ఆగిపోయినప్పుడల్లా పిల్లలు "సిగ్నలు పడలే సార్" అనేవారు.

సరే, స్టీరింగు సంగతికి వస్తాను. బొమ్మ చక్రాన్ని పిల్లల చేతికిచ్చి, లోపలివైపు అంచు ఎందుకు పైకి లేచి వుందని అడిగాను. పట్టా మీదినుంచి జారకుండా, అన్నారు. నిజమే, కానీ అసలు రైలులో అంచు కంటే ముందు పనిచేసేది చక్రం వాలు. రైలు చక్రం డబ్బాలా సమంగా వుండదు, అంచు వున్న లోపలివైపు కాస్త లావుగా, బయటికి పోనుపోను సన్నగా వుంటుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి వుంటాయి. మలుపులో చక్రాల జత బయటివైపుకు జరుగుతుంది. అప్పుడు బయటి పట్టా మీద లావు భాగం, లోపలి పట్టా మీద సన్న భాగం దొర్లుతాయి. ఒక చుట్టుకు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోతాయి. బండి తనంతట తానే తిరుగుతుంది. ఇది చూడడానికి రైలు అక్కర్లేదు. రెండు కాగితపు టీ కప్పుల్ని మూతులు కలిపి అతికించి, పక్కపక్కన పెట్టిన రెండు వెదురు బద్దల మీద దొర్లించండి. పక్కకు పోబోయి మళ్ళీ నడిమికి వస్తుంది. కప్పుల్ని అడుగులు కలిపి అతికిస్తే రెండో గెంతులో పడిపోతుంది. మా పిల్లలు ఆ రెండో రకాన్నే ఎక్కువసార్లు చేసి చూశారు, పడిపోతే నవ్వవచ్చు గదా.

తర్వాత, మన రైలు చేద్దాం సార్, అన్నారు. అట్టపెట్టెలో అమ్మే సెట్టుకు ఒక పుస్తకం వుంటుంది. ఈ బొమ్మలో చూపినట్టు ఈ ముక్క ఇక్కడ పెట్టు అని వరసగా చెబుతుంది. కోట, అంతరిక్షం, పట్టణం ఇలా ఒక్కో విషయం మీద ఒక్కో వరస సెట్లు. వాటిని పోగుచేసేవాళ్ళలో కొందరు పెట్టె సీలు కూడా విప్పరు. వాళ్ళ సరదా వాళ్ళది, నాకు పేచీ లేదు. ఖరీదు మాత్రం మనబోటివాళ్ళకు అందేది కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్బై శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా తప్పనిసరి చేశారు. మాకు సెట్టూ లేదు, పుస్తకమూ లేదు. లెక్క మేమే వేసుకోవలసి వచ్చింది.

శ్రోతల్లో విద్యార్థులుంటే కాగితం, పెన్ను తీసుకోండి. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. బొమ్మ పట్టాల మధ్య దూరం 37.5. భాగిస్తే సుమారు 45. అంటే ప్రతి కొలతనూ 45తో భాగించాలి. మరి పెట్టె పొడవెంత? ఇందుకోసం పన్నెండు మందిని మంచిర్యాల తీసుకుపోయాను. ప్యాసింజరు బండి ఆగగానే, నీలం రంగు పాతరకం పెట్టె పక్కన ఒక పిల్లవాడు ప్లాట్‌ఫారం మీద అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. ముప్ఫై ఒక్క అడుగులు. తర్వాత వాడి అడుగును టేపుతో కొలిస్తే 68 సెంటీమీటర్లు. గుణిస్తే 21 మీటర్ల 8 సెంటీమీటర్లు. పెరంబూరు కార్ఖానాలో 2018 దాకా తయారైన ఆ పెట్టె పొడవు పుస్తకాల్లో 21.337 మీటర్లు. పావు మీటరు తేడా. నేను ఆ రోజు సంతోషంతో అందరికీ మిర్చిబజ్జీలు కొనిపెట్టాను.

45తో భాగిస్తే పెట్టె పొడవు 47 సెంటీమీటర్లు, బుడిపెల లెక్కలో యాభై తొమ్మిది. వెడల్పు తొమ్మిది బుడిపెలు. కట్టి పట్టాల మీద పెట్టారు. మలుపు దగ్గర పెట్టె నడుము పట్టాలు దాటి లోపలికి ఊగి, అక్కడున్న స్టేషనును కూలదోసింది.

ఎందుకని? బొమ్మ పట్టాల మలుపు వ్యాసార్థం 32 సెంటీమీటర్లు. పదహారు వంపు ముక్కలు కలిపితే ఒక వలయం. దాన్ని 45తో హెచ్చిస్తే పద్నాలుగు మీటర్ల చిల్లర. బ్రాడ్‌గేజిలో ఎంత గట్టి మలుపైనా వ్యాసార్థం 175 మీటర్లకు తగ్గదు. ఆ మలుపును మా కొలతకు కుదిస్తే కూడా వలయం దాదాపు ఎనిమిది మీటర్ల అడ్డం. మా తరగతి గది అంత లేదు. మనం బోగీ అంటే పెట్టె అనుకుంటాం గాని, రైల్వేవాళ్ళ భాషలో బోగీ అంటే పెట్టె కింద తిరిగే చక్రాల బండి. పెట్టెకు అటొకటి ఇటొకటి వుంటాయి. ఆ రెండింటి నడుమ దూరం ఎక్కువైన కొద్దీ పెట్టె నడుము లోపలికి పోతుంది. మా లెక్కలో ఆ దూరం 33 సెంటీమీటర్లు. పైథాగరస్ సూత్రం ప్రకారం నాలుగున్నర సెంటీమీటర్లు లోపలికి పోవాలి, పోయింది. పదో తరగతిలో "ఈ సూత్రం దేనికి సార్?" అని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. బోగీల మధ్య దూరాన్ని 13 సెంటీమీటర్లకు తగ్గిస్తే పక్కకు పోయేది అర సెంటీమీటరు పైన కొద్దిగా మాత్రమే.

కాబట్టి పెట్టెను కుదించాలి. పుణెలో 1998 నుంచి నడుస్తున్న జోషీగారి చిన్న రైళ్ళ ప్రదర్శనశాలలో కొలత 1:87. ఇటుకలతో చేసేవాళ్ళకు అంతటి కచ్చితత్వం కుదరదు. పెట్టెను ముప్ఫై రెండు బుడిపెలకు తగ్గించాలన్నాను. మరి ఏవి తీసేయాలి? ఇక్కడ రెండు రోజులు వాదన జరిగింది. కిటికీలు తగ్గిద్దామని కొందరు, తలుపులు తీసేద్దామని కొందరు. మిరపకాయలు కోయడానికి ఏటా తల్లితో కలిసి తెలంగాణకు పోయివచ్చే ఒక పిల్ల, కిటికీలు సగం చేయండి గాని చువ్వలు మాత్రం తీయొద్దంది. "చువ్వలు లేకుంటే అది బస్సే సార్" అంది. మంచిర్యాలలో ఆ పిల్ల చూసింది అదే. అడ్డచువ్వలు పట్టుకుని బయటికి చూస్తున్న మొహాలు. చువ్వల కోసం సంచిలో వున్న సన్న ముక్కలన్నీ ఏరాం.

ఏరడమంటే జ్ఞాపకం వచ్చింది. ఇటుకల్ని రంగులవారీగా సర్దకండి, ఆకారం వారీగా సర్దండి. ఎర్ర కుప్పలో చిన్న ఎర్ర ముక్క కంటికి ఆనదు. మిఠాయి డబ్బాలు చాలు. కడిగితే గోరువెచ్చని నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండకు తెల్లవి పచ్చబారతాయి.

పిల్లలు రైలుతో ఆగలేదు. మా కోట గ్రామం పేరుతో పిలిచే రాతిపొరల్లో రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. బరపాసారస్‌కు 1975లో పేరు పెట్టారు, పెద్ద కాలని అర్థం. అస్థిపంజరం కలకత్తాలో వుంది. కోటాసారస్‌కు 1988లో పేరు పెట్టారు, అది హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులో నిలబడి వుంది. రెంటిలో ఏదీ మా ఊళ్ళో లేదు. అందుకని మాదొకటి కట్టారు. టేకు చెక్కపేళ్ళను పట్టాల కింద స్లీపర్లుగా పరిచి, ఆ పక్కన మెడ చాచిన ఆకుపచ్చ కోటాసారస్‌ను నిలబెట్టారు. మెడ బరువుకు ముందుకు తూలుతూ వుంటే తోకలో నాణేలు కుక్కారు.

ఇక స్టేషను. పోయిన బండి తిరిగి రావాలి గదా అని ఒక చివర పట్టాను గుండ్రంగా తిప్పి మళ్ళీ అదే లైనులో కలిపారు. కలపగానే బండి నిలిచిపోయింది. కరెంటు పట్టాల గుండా వస్తుంది కనుక, గుండ్రంగా తిప్పి కలిపితే ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకు తగులుతుంది. షార్ట్ సర్క్యూట్ అన్నమాట. బ్యాటరీ బండికి ఈ బాధ లేదు. చివరికి బండిని వెనక్కి నడిపించడమే మేలనుకున్నారు.

స్టేషనుకు బోర్డు కావాలి. పసుపు మీద నల్ల అక్షరాలు. మా బడి మరాఠీ మాధ్యమం, ఇళ్ళల్లో మాట తెలుగు. ముందు దేవనాగరిలో రాశారు. తలకట్టు గీతకు నల్ల పలకలు ఒక వరస పేర్చితే సరి, నిలువు గీతలు దించితే సరి, సున్న ఒక్క చుక్కగా పైకెక్కింది. పది నిమిషాల్లో అయిపోయింది. తెలుగులో కూడా వుండాలని చువ్వల పిల్ల పట్టుబట్టింది. మన అక్షరం గుండ్రం, ఇటుక చదరం. "సి" గుడికి మూడు రోజులు పట్టింది. అక్షరం అక్షరంగా తెలియాలంటే పెద్దది చేయక తప్పదు, పెద్దది చేస్తూ పోతే బోర్డు రైలుపెట్టె కంటే పొడుగైంది. "సున్నకు మాత్రం ఒక్క గుండ్రని బిళ్ళ చాలు సార్" అని దాన్ని ముందే తీసి జేబులో దాచుకుంది.

మొన్న నేను ఈ ప్రసంగానికి బయలుదేరేటప్పటికి ఆ పిల్ల "రొ" ఒత్వం దగ్గర వుంది. నల్ల వంపు ముక్కలు అయిపోయాయట, నాలుగు దొరికితే తెమ్మంది. బజారుకు పోవాలి.