గంజాయి ఎందుకు కొండెక్కింది? – ఎత్తు, చట్టం, మార్కెట్టుల నడుమ ఒక పంట ప్రయాణం

వ్యాససంగ్రహం:
సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1,000 మీటర్ల ఎత్తున ఉన్న విశాఖ మన్యంలో గంజాయి సాగు విస్తరించడానికి అక్కడి చల్లని వాతావరణమే కారణమనే అభిప్రాయం లోకంలో స్థిరపడింది. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరిశీలిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర ఇదే పంట కృష్ణా జిల్లా తీరమైదానంలో బహిరంగంగా పండిన చరిత్రను, నూజివీడు మామిడితోటల గుత్త పద్ధతితో మన్యపు పెట్టుబడి పద్ధతికి గల పోలికను ఆధారం చేసుకొని, కొండ ఈ పంటకు ఇచ్చినది వాతావరణం కంటే దూరమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గంజాయి, విశాఖ మన్యం, ఏజెన్సీ, నూజివీడు మామిడి, గుత్త, శీలావతి, ప్రత్యామ్నాయ పంటలు.

1. ప్రవేశిక:
తెలుగులో ‘కొండెక్కు’ అనే మాటకు వాచ్యార్థంతో పాటు మరి రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని, ధర కొండెక్కిందంటే అందకుండా పోయిందని అర్థం. గంజాయి విషయంలో ఈ మూడర్థాలూ వర్తిస్తాయి. చట్టసమ్మతమైన సాగు ఆరిపోయింది. సరుకు ధర పెరిగింది. పంట నిజంగానే కొండ మీదికి చేరింది. ఈ మూడింటికీ గల సంబంధమే ఈ వ్యాసవిషయం.

పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు, గూడెం కొత్తవీధి మండలాల పేర్లు వార్తాపత్రికల్లో గంజాయితో జంటపదాలుగా మారి చాలా కాలమైంది. 2022 ఏప్రిల్ 4న ఈ మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. అదే రోజున నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఒకటి మామిడికి, మరొకటి గంజాయికి పేరుపడిన ఈ రెండు ప్రాంతాలను పక్కపక్కన నిలిపి చూస్తే, ఒక పంటను ఒక నేలకు కట్టిపడేసేది ఏమిటన్న ప్రశ్నకు సమాధానం స్పష్టమవుతుంది.

2. మొక్క స్వభావం – ఎత్తు ప్రభావం:
గంజాయి ఏకవార్షిక మొక్క. తాటిలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉన్నట్లే ఇందులోనూ పోతు మొక్క, పెంటి మొక్క వేరు. గాలి ద్వారా పరాగసంపర్కం జరుగుతుంది. మత్తుకు కారణమైన టెట్రాహైడ్రోకెనాబినాల్ ప్రధానంగా పెంటి మొక్క పూగుత్తుల మీది సన్నని జిగురు గ్రంథులలో ఉంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా ‘గంజాయి’ అనే మాటను పూత, కాయ ఉన్న కొనలకే పరిమితం చేసింది. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు.

ఇది పగటివేళ తగ్గుతున్న కాలంలో పూతకు వచ్చే హ్రస్వదిన మొక్క. మన్యంలో తొలకరికి మొలిచిన మొక్క శరత్తు దాటాక పూతకు వచ్చి, డిసెంబరు, జనవరి నెలల్లో కోతకు రావడానికి కారణం ఇదే. అయితే పగటి నిడివిని నిర్ణయించేది అక్షాంశం, ఎత్తు కాదు. పాడేరుకూ దాని దిగువనున్న మైదానానికీ పగటి నిడివిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎత్తు వలన కలిగే మార్పులు వేరు. సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. వాలు నేలలో నీరు నిలవదు. అతినీలలోహిత కిరణాల తీవ్రత కొంత పెరుగుతుంది. ఈ కిరణాలకు గురిచేసిన మత్తు రకపు మొక్కలలో మత్తు పదార్థం పెరిగిందని 1987లో వెలువడిన ఒక ప్రయోగఫలితం తెలిపింది. ఎత్తైన ప్రాంతపు సరుకు ఘాటైనదన్న నమ్మకానికి శాస్త్రీయాధారంగా తరచు దీనినే చెబుతారు. తరువాతి ప్రయోగాలన్నీ ఆ ఫలితాన్ని బలపరచలేదు. కనుక కొండ వాతావరణం ఈ మొక్కకు అనుకూలమని చెప్పవచ్చును గాని, అవసరమని చెప్పలేము. ఈ మాటకు చరిత్రే సాక్ష్యం.

3. మైదానంలో పండిన గంజాయి:
బ్రిటిషు ప్రభుత్వం 1893లో నియమించిన భారత గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించింది. పూర్తి నిషేధం కంటే నియంత్రణ, పన్ను, లైసెన్సుల విధానమే మేలని ఆ సంఘం అభిప్రాయపడింది. వంగరాష్ట్రంలోని నౌగావ్ ప్రాంతంలో సాగుదారుకు లైసెన్సు, పంటకు ప్రభుత్వ గిడ్డంగి, సరుకు బయటికి వెళ్ళేటప్పుడు సుంకం అనే పద్ధతి అప్పటికే అమలులో ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆనాడు గుర్తింపు పొందిన రెండు ప్రధాన సాగుకేంద్రాలలో ఒకటి ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. రెండవది కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు గ్రామాల ప్రాంతం. ఈ రెండవది మనకు కీలకం. అది సముద్రానికి సమీపంలోని మైదానం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు బాపట్ల, నూజివీడు ఒకే కృష్ణా జిల్లాలో ఉండేవి. అంటే మామిడికి పేరుపడిన జిల్లాలోనే, కొండ అన్నది లేని నేలలో, ప్రభుత్వానికి తెలిసే గంజాయి పండింది.

మైదానంలో పండగల పంట కొండకు ఎందుకు చేరింది? వాతావరణం మారలేదు, మొక్క స్వభావం మారలేదు. మారినది చట్టం.

4. చట్టం మారిన తీరు – ‘ఏజెన్సీ’ అనే మాట:
1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒడంబడిక వైద్య, శాస్త్ర ప్రయోజనాలకు మినహా గంజాయి వాడకాన్ని 25 ఏళ్ళలోపు నిలిపివేయాలని సభ్యదేశాలకు గడువు విధించింది. భారతదేశంలో 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన చట్టం గంజాయి సాగును నేరంగా పరిగణించింది. సాగుకు పదేళ్ళ వరకు కఠినకారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. పట్టుబడిన సరుకు ఒక కిలో వరకు ఉంటే స్వల్ప పరిమాణం, 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి కనీసశిక్ష పదేళ్ళు; బెయిలు దొరకడమూ కష్టం.

నిషేధం తరువాత ఈ పంటకు కావలసిన తొలి వసతి నీరో ఎరువో కాదు, కంటికి కనబడకుండా ఉండడం. రహదారి, తనిఖీ, ఫిర్యాదు చేయగల పొరుగువాడు ఉన్న మైదానం ఆ వసతిని ఇవ్వలేదు. కొండ ఇచ్చింది.

మన్యానికి ఉన్న ‘ఏజెన్సీ’ అనే వాడుకపేరులోనే ఈ దూరం దాగి ఉంది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను 1839 నాటి 24వ చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు పాలన కిందికి తెచ్చింది. ఏజెంటు ఏలే సీమ గనుక ఏజెన్సీ అయింది. పాలన అక్కడ మొదటి నుంచీ మైదానపు పాలన కంటే భిన్నమైనది, పలుచనైనది. రోగిని డోలీలో మోసుకుని రహదారికి చేర్చవలసిన గూడేలు నేటికీ అక్కడ ఉన్నాయి. అంబులెన్సు వెళ్ళలేని చోటికి తనిఖీ బృందమూ సులభంగా వెళ్ళలేదు. ఒకే దూరం ఒక కుటుంబానికి శాపమై, ఒక వ్యాపారానికి వరమైంది.

ఇతర దేశాల కొండప్రాంతాలలోనూ ఇదే కనిపిస్తుంది. మొరాకోలోని రిఫ్ పర్వతాలు చిరకాలం రహస్యసాగుకు ప్రసిద్ధి పొందాయి. 2021లో ఆ దేశం మూడు కొండ రాష్ట్రాలలో వైద్య, పారిశ్రామిక ప్రయోజనాలకు సాగును చట్టబద్ధం చేసింది. మన దేశంలో మత్తు శాతం అతిస్వల్పంగా ఉండే నార రకపు సాగుకు ఉత్తరాఖండ్ 2018లో అనుమతి ఇచ్చింది.

5. మామిడితోట గుత్త – మన్యంలో పెట్టుబడి:
నూజివీడు ప్రాంతంలో చాలామంది రైతులు పూత, పిందె దశల్లోనే తోటను వ్యాపారికి గుత్తకు ఇస్తారు. వ్యాపారి ముందుగా కొంత సొమ్ము చెల్లిస్తాడు. కాపలా, కోత, రవాణా అతనివే. గాలివాన వచ్చి కాయ రాలితే నష్టం కూడా చాలావరకు అతనిదే. మాట తప్పితే పెద్దమనుషుల ముందు నిలదీయవచ్చును. ఈ పద్ధతిలో రైతుకు లాభం తగ్గవచ్చును గాని, ముందుసొమ్ము ఇచ్చినవాడు నష్టభయాన్ని కూడా మోస్తాడు.

మన్యంలో గంజాయికి పెట్టుబడి వచ్చే తీరు పైకి దీనినే పోలి ఉంటుంది. వ్యాపారి బయటినుంచి వచ్చి, విత్తనమూ ముందుసొమ్మూ ఇచ్చి, పంటను చేను దగ్గరే కొంటాడు. 1970 నాటి మొదటి నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. కనుక చేనూ, చేనుమీద పడే కేసూ గిరిజనుడివే అవుతాయి. గుత్తదారు నష్టభయాన్ని తాను తీసుకుంటే, ఇక్కడి పెట్టుబడిదారు దానిని సాగుదారుకు వదిలిపోతాడు.

పెట్టుబడి పెట్టినవారికి పది నుంచి ఇరవై ఏళ్ళ శిక్ష విధించే 27-ఎ సెక్షను చట్టంలో ఉంది. అయితే చేనులో దొరికేది మొక్క, దారిలో దొరికేది మూట. పెట్టుబడి చేనులోనూ దొరకదు, దారిలోనూ దొరకదు. అందుకే కొండవాలు రైతు, కూలికి మూట మోసే యువకుడు ముందుగా చట్టానికి చిక్కుతారు.

సరుకు స్వభావం కూడా గమనించదగినది. కోసిన బంగినపల్లి కాయ కొద్ది రోజుల్లోనే మాగిపోతుంది. దానికి దగ్గరలో మార్కెట్టు, లారీ, రహదారి ఉండి తీరాలి. ఎండిన గంజాయి తేలిక, నిలువ ఉంటుంది, బరువుకు మించిన ధర పలుకుతుంది. దారిలేని చోట లాభసాటి కాగల పంట ఇటువంటిదే.

6. పేర్లు, సామెత:
మన్యపు గంజాయిలో పేరుమోసిన రకాన్ని ‘శీలావతి’ అంటారు. కొల్లేటి పరిసరాల వారికి శీలావతి అంటే చేప. చేపలచెరువులూ చేపల మార్కెట్టూ ఎరిగినవారిలో చాలామంది రోహుకు ఆ పేరు వాడతారు. రహస్యవ్యాపారం కొత్త పదాలను సృష్టించడం కంటే, అనుమానం రాని పాతపదాలను అరువు తెచ్చుకోవడానికే మొగ్గుతుందనడానికి ఈ పేరు ఒక ఉదాహరణగా నిలుస్తుంది.

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అనే సామెత చెడ్డవారి నడుమ మంచివారిని సూచిస్తుంది. ఈ సామెతలోని ‘వనం’ తనంత తాను పెరిగినది. మన్యంలోని చేను అటువంటిది కాదు. అది ఒకరు విత్తనం ఇచ్చి, మరొకరు దున్ని, ఇంకొకరు కొనే సాగు. ‘గంజాయి గ్రామాలు’ వంటి పత్రికాపదబంధాలు సామెతలోని తీర్పును నేల మీదికీ, ఆ నేలవాసుల మీదికీ మళ్ళిస్తాయి. మైదానం నుంచి వచ్చే పెట్టుబడి ఆ పదబంధంలో కనుమరుగవుతుంది.

7. నిర్మూలన – ప్రత్యామ్నాయం:
2021 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ ప్రారంభించారు. 7,500 ఎకరాలకు పైగా తోటలను ధ్వంసం చేసినట్లు ప్రకటించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. 2024 చివర ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగం, 1972 అనే ఫోను సంఖ్య ఏర్పడ్డాయి. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ కొండల్లో సాగు కొనసాగింది. ఒక కొండ మీద కొట్టివేసిన పంట అదే దూరం ఉన్న మరో కొండకు మారగలదని దీనివల్ల తెలుస్తుంది.

కాఫీ అనుభవం ఇందుకు భిన్నమైనది. నాటిన మూడు, నాలుగేళ్ళకు గాని కాపు రాదు. సిల్వర్ ఓక్ నీడ, దాని మీదికి పాకే మిరియపు తీగ, వీటన్నిటికీ ఓర్పు కావాలి. అయినా ఐటీడీఏ ప్రోత్సాహం, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు, ప్రైవేటు సంస్థల రాక కలిసి ఆ పంటను నిలబెట్టాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. బంగినపల్లి మామిడికి ఆ గుర్తింపు 2017లోనే దక్కింది. గంజాయికి మేలని చెప్పిన ఎత్తూ, చల్లదనమే అరబికా కాఫీకి నిజంగా అవసరమయ్యాయి. పసుపు, రాజ్మా, మిరియాలు కూడా ఆ నేలకు తెలిసిన పంటలే. వాటికి లోపించేది నేల కాదు. ఇంటి ముందుకు వచ్చి ముందుసొమ్ము ఇచ్చే న్యాయమైన కొనుగోలుదారు.

8. ముగింపు:
పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి.

• కొండ వాతావరణం గంజాయికి అనుకూలం, కాని అనివార్యం కాదు. బాపట్ల తాలూకా చరిత్ర అందుకు నిదర్శనం.
• నిషేధం తరువాత ఎత్తుకు విలువ రావడానికి కారణం అది రహదారికీ, మార్కెట్టుకూ, పాలనకూ దూరంగా ఉండడం.
• గుత్త పద్ధతిని పోలిన పెట్టుబడిలో నష్టభయమంతా సాగుదారు మీద పడడం మన్యపు సమస్యలో కీలకాంశం. విచారణ పెట్టుబడి మూలాన్ని చేరనంతవరకు శిక్షల సంఖ్య పెరిగినా సాగుకు కారణం మిగిలే ఉంటుంది.
• ప్రత్యామ్నాయ పంట అంటే విత్తనాల పంపిణీ మాత్రమే కాదు. కాపు వచ్చేదాకా కుటుంబాన్ని నిలిపే ముందుసొమ్ము, సంతకు చేర్చే దారి, మాట తప్పని కొనుగోలు అందులో భాగం.

నూజివీడు రైతుకు పూత దశలోనే దొరికే భరోసా చింతపల్లి రైతుకు కాఫీ పూత మీద దొరికిననాడు ఎత్తు మళ్ళీ భౌగోళిక విశేషంగా మాత్రమే మిగులుతుంది.