కనుకట్టు కాని కంచుటద్దం

అద్దమనగానే నేడు మన తలపునకు వచ్చేది గాజు. కాని గాజుపలక వెనుక వెండిపూత నిలిపే రసాయన విధానాన్ని జర్మను శాస్త్రజ్ఞుడు లీబిగ్ కనుగొన్నది 1835లో మాత్రమే. అంతకు పూర్వం వెనీసు నగరపు గాజుటద్దాలు ఉండేవి గాని అవి శ్రీమంతుల సొత్తు. వేల సంవత్సరాలపాటు లోకంలో అనేకులు ముఖం చూచుకొన్నది లోహంలోనే. 1117లో ప్రతిష్ఠ జరిగిన బేలూరు చెన్నకేశవాలయాన్ని దర్శించినవారు దర్పణసుందరి శిల్పాన్ని మరువజాలరు. ఆమె చేతనున్న గుండ్రని అద్దం గాజుది కాదు. నాటి లోహకారుడు పోతపోసి మెరుగుపెట్టిన లోహదర్పణమే అయి ఉండాలి.

అట్టి దర్పణాలు మన దేశంలో నేటికీ తయారవుతున్నవి. కేరళదేశంలో పంపానదీతీరాన ఆరన్ముళ అనే గ్రామం ఉన్నది. అక్కడి కొద్ది కుటుంబాలవారు రాగిలో దాదాపు మూడోవంతు తగరం కలిపి ఒక మిశ్రమలోహాన్ని పోస్తారు. మనం గంటలకు, పళ్ళేలకు వాడే కంచులో ఇంత తగరం ఉండదు. తగరం ఇంతగా హెచ్చితే లోహం గాజువలె పెళుసుబారుతుంది. క్రింద పడితే పగులుతుంది. కాని సానపట్టినకొద్దీ వెండివంటి తెలుపుతో నిగనిగలాడుతుంది. దీని విశేషమొకటి విద్యార్థులు తేలికగా పరీక్షించవచ్చు. గాజుటద్దంపై వ్రేలి కొన ఆనిస్తే వ్రేలికీ దాని ప్రతిబింబానికీ నడుమ కొంచెం ఎడం కనబడుతుంది. ఎందుకనగా కాంతి తిరిగివచ్చేది గాజు వెనుకనున్న పూతనుండి. ఆరన్ముళ అద్దంలో ఆ ఎడం ఉండదు. వ్రేలిని వ్రేలే తాకుతుంది. 2018 ఆగస్టునాటి వరదలలో ఆ గ్రామంలోని పనిశాలలు మునిగి, కొలుములు, మూసలు పాడైనవి. వరద తగ్గిన పిమ్మట ఆ కుటుంబాలవారు మరల పనికి పూనుకొన్నారు.

ఇంతవరకు ఆశ్చర్యం కలిగినా అర్థంకానిది ఏదీ లేదు. ఇక చైనా, జపాను దేశాలలో పుట్టిన మరొక కంచుటద్దం కథ వేరు. ఇది గుండ్రని కంచుబిళ్ళ. వెనుకవైపు ఉబ్బెత్తుగా చెట్లో, కొంగలో, అక్షరాలో పోత పోసి ఉంటవి. ముందువైపు నున్నగా మెరుగుపెట్టినది; అందులో మన ముఖం తప్ప ఏమీ కనబడదు. చేతితో తడిమినా మిట్టపల్లాలు తగలవు. కాని ఆ నున్నని ముఖంపై ఎండ పడనిచ్చి, తిరిగివచ్చిన వెలుగును ఎదుటి గోడపైకి మళ్ళిస్తే, ఆ వెలుగులో వెనుకవైపునున్న బొమ్మ ప్రత్యక్షమవుతుంది! కాంతి కంచును చీల్చుకొని వెనుకకు పోయి, ఆ బొమ్మను తీసుకొని వచ్చినదా అనిపిస్తుంది. చైనావారు వీటిని ‘కాంతి చొచ్చే అద్దాలు’ అని పిలిచినారంటే వింత లేదు.

11వ శతాబ్దిలో షెన్ కువో అనే చైనా పండితుడు ఉండేవాడు. రాజోద్యోగి, ఖగోళం, గణితం, భూగోళం అన్నింటా చేయి పెట్టినవాడు. తన ఇంట ఇటువంటి అద్దాలు మూడు ఉన్నవని అతడు వ్రాసినాడు. మరియు వాటికి ఒక కారణం కూడ చెప్పినాడు: పోతపోసినప్పుడు పలుచని భాగాలు ముందుగా చల్లారుతవి, ఉబ్బెత్తు బొమ్మ ఉన్న దళసరి భాగాలు ఆలస్యంగా చల్లారుతవి, ఆ వ్యత్యాసంవల్ల ముందువైపు కంటికి ఆనని సన్నని ముడుతలు ఏర్పడుతవి అని. కాంతి లోహం గుండా పోజాలదనీ, రహస్యం ముందువైపుననే ఉండాలనీ తొమ్మిదివందల యేండ్ల క్రిందట గ్రహించిన ఆ బుద్ధికి నమస్కరించవలసిందే.

ఐరోపా పండితులకు ఈ అద్దం 1832లో పెద్ద చిక్కుప్రశ్న అయినది. ఆ సంవత్సరమే కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ దీనిగూర్చి ఒక వ్యాసం ప్రకటించినాడు. అయిదేండ్ల తరువాత అశోకుని బ్రాహ్మీలిపిని చదివి మన ప్రాచీన చరిత్రకు తలుపు తెరచిన ప్రిన్సెప్ ఇతడే. స్కాట్లండులో డేవిడ్ బ్రూస్టరు అనే కాంతిశాస్త్రవేత్త మాత్రం ఇది పనివాని గడుసుతనమన్నాడు: వెనుకనున్న బొమ్మనే ముందువైపు అతిసూక్ష్మంగా గీచి, మెరుగులో దానిని మరుగుపరచినాడనీ, చూచేవాడు తన్ను తానే మోసపుచ్చుకొంటున్నాడనీ అతని అభిప్రాయం. ఆ అద్దాలు పోసిన కంచరులకు ఇది న్యాయమైన తీర్పు కాదు.

టోక్యోలోని ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులుగా ఉండిన ఎయిర్టను, పెరీ అనే ఇద్దరు 1878లో చిక్కు విప్పినారు. వారు రెండు పనులు చేసినారు. కటకాల సాయంతో కిరణాలను విప్పారజేసి, సమాంతరంగా నడిపి, కేంద్రీకరించి, ఒక్కొక్కవిధంగా అద్దంపై పంపి చూచినారు. కిరణాల తీరు మార్చితే గోడమీద బొమ్మలో వెలుగున్నచోట నీడ, నీడ ఉన్నచోట వెలుగు వచ్చినవి. గీతలు చెక్కి ఉంటే ఇట్లు తారుమారు కావడానికి వీలులేదు. ఉపరితలపు వంపులోనే భేదమున్నదని తేలినది. రెండవది, పనివాడు అద్దం చేసే తీరును దగ్గరనుండి గమనించినారు. పోతపోసిన బిళ్ళ మొదట చదునుగానే ఉంటుంది. పనివాడు దానిని పలకపై ఆనించి, ముందువైపు మొద్దు మొనగల ఇనుపకడ్డీతో గట్టిగా నొక్కుతూ అన్ని దిక్కులా గీతలు లాగుతాడు. ఆ ఒత్తిడికి బిళ్ళ ఇంచుక కుంభాకారంగా పొంగుతుంది. తరువాత గోకుడుపని, సానపని.

ఈ ఒత్తిడిలోనే ఉన్నది మర్మమంతా. బొమ్మ ఉన్నచోట కంచు దళసరి, తక్కినచోట పలుచన. పలుచని భాగం పనిముట్టు క్రింద అణగి, పనిముట్టు తొలగగానే పైకి లేస్తుంది. కనుక అక్కడ అరుగుదల తక్కువ, పొంగు ఎక్కువ. దళసరి భాగం లొంగదు. కనుక అరిగి చదునుగా నిలుస్తుంది. పొంగినచోట పడిన కిరణాలు చెదరి గోడపై పలుచబడుతవి. చదునైనచోట పడినవి అంతగా చెదరవు. అక్కడ వెలుగు చిక్కగా ఉంటుంది. ఆ చిక్కని వెలుగే బొమ్మ. జపాను అద్దాల మట్టుకు షెన్ కువో చెప్పిన చోటు సరియైనది. చెప్పిన కారణం మాత్రం వేరు.

మరి ఆ మిట్టపల్లాలు కంటికి ఎందుకు కనబడవు? అవి అంత స్వల్పం. 2006లో ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు మైకేల్ బెర్రీ ఈ అద్దాల గణితాన్ని ప్రకటించినాడు. దాని ప్రకారం ఆ ఎత్తుపల్లాల భేదం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడ నిండదు. కాని కిరణం కొంచెమే పక్కకు తొలగినా, గోడ చేరేసరికి ఆ తొలగుదల దూరంతోబాటు పెరుగుతుంది. మన పెరటిలో గంగాళంనిండా నీళ్ళుంచి ఎండ తగలనిస్తే, కంటికి నిశ్చలంగా ఉన్నట్లు తోచిన నీటినుండి కూడ ఇంటికప్పుపై వెలుగు వలలు అల్లల్లాడడం పాఠకులు చూచియే ఉందురు. కంచుటద్దం గడ్డకట్టిన గంగాళం వంటిది.

వీటితో ప్రాణాలు కాపాడుకొన్నవారు ఉన్నారు. 1614లో జపానులో క్రైస్తవమతం నిషేధింపబడినది. 1873 వరకు ఆ నిషేధం తొలగలేదు. పట్టుబడినవారికి కఠినశిక్ష, ఒక్కొక్కప్పుడు మరణం. రెండున్నర శతాబ్దాలు రహస్యంగా ఆ విశ్వాసాన్ని నిలుపుకొన్నవారిలో కొందరి వద్ద ఇటువంటి అద్దాలు ఉండెడివి. వెనుకవైపు చూస్తే మామూలు అలంకారం. గోడపై వెలుగు పడితే శిలువ. భటుడు ఇల్లు సోదా చేసి, ఆ అద్దాన్ని చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ త్రిప్పి చూచినా పట్టుకొనదగినది ఏమీ లేదు. 2014లో జపాను ప్రధాని షింజో ఆబే రోముకు వెళ్ళినప్పుడు పోపు ఫ్రాన్సిసుకు కానుకగా ఇచ్చినది ఈ తరహా అద్దమే. దానిని చేసినది క్యోటో నగరంలోని యమమోతో వంశీయులు. గాజుటద్దాల వ్యాప్తితో కంచుటద్దాలవారు ఒక్కరొక్కరే కొలుములు ఆర్పివేయగా ఈ విద్యను విడువక నిలుపుకొన్న కుటుంబం అది.

శిలువ వెనుకవైపు కనబడకుండ ఎట్లు దాచినారు? అద్దానికి రెండు వీపులుంటవి. బొమ్మగల అసలు వీపుపై, వేరొక అలంకారంగల పలకను అతుకుతారు. ఇటువంటిదే ఒకటి ఈమధ్య అమెరికాలో బయటపడినది. సిన్సినాటి నగరపు కళాప్రదర్శనశాలలో అయిదారువందల యేండ్లనాటి కంచుటద్దం ఒకటి చాలకాలంగా సామాన్యవస్తువుల నడుమ పడి ఉన్నది. వెనుకవైపు అమితాభబుద్ధుని నామం ఆరు చైనా అక్షరాలలో ఉన్నది. అక్కడి నిపుణురాలొకరు అనుమానించి వెలుగు పట్టి చూడగా, గోడపై వచ్చినవి ఆ అక్షరాలు కావు. చుట్టూ కిరణాలు విరజిమ్ముతున్న బుద్ధవిగ్రహం! ఈ సంగతిని ఆ సంస్థవారు 2022లో లోకానికి వెల్లడించినారు. ఇంకను ఎన్ని ప్రదర్శనశాలల బీరువాలలో ఇటువంటి బొమ్మలు వెలుగుకై కాచుకొని ఉన్నవో ఎవరు చెప్పగలరు?

అసలైన అద్దం చేజిక్కడం ఉపాధ్యాయులకు సాధ్యం కాదు. అయినను తరగతిలో చూపడానికి పలుచని స్టీలుపళ్ళెం చాలును. మన ఇండ్లలో పాత్రలపై పేర్లు కొట్టించే ఆచారం ఉన్నదిగదా. అట్టి పళ్ళేన్ని శుభ్రంగా తుడిచి, కిటికీలోనుండి వచ్చే ఎండలో పట్టి, వెలుగును నాలుగైదు గజాల దూరాన నీడలోనున్న తెల్లగోడపై వేయాలి. పిల్లలు సూర్యునివైపుగాని, పళ్ళెంలో మెరిసే సూర్యబింబంవైపుగాని చూడకుండ జాగ్రత్త వహించవలెను. అందరి చూపూ గోడపైననే ఉండాలి. నున్నగా ఉన్నదనుకొన్న పళ్ళెంలోని సొట్టలు, వంపులు అన్నీ గోడపై వెలుగు చారలై పరచుకొంటవి. పేరు కొట్టించినచోటికి సరిగా వెనుకనున్న భాగాన్ని ఎండకు త్రిప్పి, గోడపై ఏమి వ్రాసి ఉన్నదో పిల్లలచేతనే చదివించవచ్చును.