ఎంత శుభ్రమైన గది కావాలి?

భూమి వయసు తేల్చాలని రాళ్లలోని సీసాన్ని కొలవబోయిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్‌కు ప్రతిసారీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ సీసం కనిపించేది. గాలి, గాజుపాత్రలు, రసాయనాలు, చివరికి మనిషి ఒంటి మీది బట్టలు కూడా దాన్ని మోసుకొస్తున్నాయి. కాల్‌టెక్‌లో సీసం చొరబడని ప్రయోగశాల ఏర్పాటు చేసుకుని, పాత్రలన్నీ ఆమ్లాలతో కడిగి, ఆయన 1956లో ప్రకటించిన లెక్క సుమారు 455 కోట్ల ఏళ్లు. నేటికీ అది నిలిచే ఉంది.

సున్నితమైన పదార్థాలపై పరిశోధన చేసేవాళ్లు క్లీన్‌రూమ్ తరగతి ఎంచుకునే ముందు పాటర్సన్‌లాగే ఆలోచించాలి: నా నమూనాను చెడగొట్టేది ఏది?

ఐఎస్ఓ 14644-1 ప్రమాణంలో 1 నుంచి 9 దాకా తరగతులున్నాయి. అంకె తగ్గేకొద్దీ గాలి శుభ్రం. 5వ తరగతిలో ఘనపు మీటరు గాలికి అర మైక్రాను, అంతకు మించిన రేణువులు 3,520 దాటకూడదు. తరగతి ఒకటి పెరిగితే హద్దు పది రెట్లవుతుంది. 7వ తరగతికి 3,52,000. ల్యాబుల్లో ఇప్పటికీ వినిపించే ‘క్లాస్ 100’ ఈ 5వ తరగతే. ఆ పేరు పుట్టిన అమెరికా ప్రమాణం 2001లోనే రద్దయింది.

సిలికాన్ మీద మైక్రాను వెడల్పు గీతలు తీసేవాళ్లకు అర మైక్రాను రేణువు కూడా ముప్పే. వాళ్లకు 5వ తరగతి కావాలి. సిరామిక్ పొడిని బిళ్లలుగా నొక్కి కొలిమిలో కాల్చేవాళ్లకు మాత్రం అది శుద్ధ దండగ, పైగా ఆ పొడి పక్కవాళ్ల పని పాడుచేస్తుంది.

అసలు చిక్కు రేణువుల లెక్కకు అందని వాటితోనే. గ్రాఫీన్, గ్రాఫైట్ నీటిని దూరం పెడతాయని చాలాకాలం అనుకున్నారు. తాజా ఉపరితలం మీద నీటిబొట్టు మరింత పరుచుకుంటుందనీ, గాలిలోని హైడ్రోకార్బన్లు పేరుకున్నాకే ఆ గుణం మారుతుందనీ 2013లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. క్లీన్‌రూమ్ కప్పులోని హెపా ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, ఆవిరి అణువులను ఆపదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ వేరే ఉండాలి. తేమకు చెడిపోయే హాలైడ్ పెరోవ్‌స్కైట్లకైతే ఎంత గొప్ప గదైనా చాలదు. నైట్రోజన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో తేమను పది లక్షల్లో ఒక వంతు లోపు ఉంచి పనిచేస్తారు.

గది మొత్తాన్నీ 5వ తరగతిలో ఉంచాలంటే కప్పంతా ఫిల్టర్లు పరచి, రాత్రింబగళ్లు గాలి వీచేలా చూడాలి. కరెంటు బిల్లు మోయలేనిదవుతుంది. 7వ తరగతి గదిలో నమూనా బయటపడే చోట మాత్రం 5వ తరగతి బెంచీ పెట్టుకోవడం నా దృష్టిలో చాలా పరిశోధనలకు సరైన దారి.

ఇంకొక్కటి. క్లీన్‌రూమ్‌లో ఎక్కువ రేణువులు రాల్చేది మనిషే. అందుకే ఖాళీ గదిలో తీసిన కొలత, నలుగురు పనిచేస్తుండగా తీసిన కొలత ఒకటి కావు. టెండరులో తరగతి అంకెతో పాటు అది ఏ స్థితిలో, ఏ సైజు రేణువులకు వర్తిస్తుందో కూడా రాయించుకోవాలి.